పాలేరు తల్లికి అక్షరం

(బోయి భీమన్న స్మారకోపన్యాస పాఠం)

బోయి భీమన్న గారు 1911లో ఈ కోనసీమలోనే, మామిడికుదురులో, ఒక పేద దళిత కుటుంబంలో పుట్టారు. కొంతకాలం బడిపంతులుగా పనిచేశారు. సాహిత్య అకాడమీ పురస్కారం, పద్మభూషణ్ అందుకున్నారు. ఇవన్నీ మీకు తెలిసినవే. నేను పట్టుకోదలచుకున్నది ఆయన నాటకం 'పాలేరు'. కమతంలో పాలేరుగా బతుకు వెళ్లదీయాల్సిన పిల్లవాడు చదువుకుని ఉన్నతోద్యోగి కావడం దాని కథ. స్వాతంత్ర్యానికి ముందే అది ఊళ్లలో ఆడింది. చూసినవాళ్లలో ఎక్కువమందికి అక్షరం ముక్క రాదు. అయినా చెవులతో విని, కళ్లతో చూసి, ఇంటికెళ్లి తమ పిల్లల్ని బడికి పంపినవాళ్లున్నారు. ఒక నాటకం అంతకంటే చేయగలిగింది లేదు. పాలేరు పిల్లవాడు బడికి వెళ్లాడు. మరి గుడిసెలో మిగిలిన అతని తల్లి? ఆవిడకు చదువు వచ్చిందా అని ఆ తరువాత ఈ ఎనిమిది దశాబ్దాలలో మనం గట్టిగా అడగలేదు. ఈ ఉపన్యాసమంతా ఆ ఒక్క ప్రశ్న గురించే. కోనసీమలో నిరక్షరాస్యత ఇవాళ ప్రధానంగా బడి సమస్య కాదు, బడికి రాని తల్లి సమస్య అని నా వాదం. పిల్లలకు ఎంత మంచి బడి కట్టినా ఆ బాకీ తీరదు. తల్లికే నేరుగా చదువు చెప్పాలి.

కోనసీమను కేరళతో పోల్చడం మనకు అలవాటు. కొబ్బరితోటలు, కాలువలు, పడవలు, ఏటిగట్టు మీంచి కనబడే పచ్చదనం చూసి ఇది ఆంధ్రా కేరళ అని మనమే చెప్పుకుంటాం, వచ్చిన అతిథి చేతా చెప్పిస్తాం. ఆ పోలికను నేను కాదనను. కానీ దాన్ని చివరిదాకా తీసుకెళ్లాలి. 2011 జనగణన నాటికి కేరళ అక్షరాస్యత 94 శాతం, అక్కడి స్త్రీలలో 92 శాతం. అప్పట్లో కోనసీమ భాగంగా ఉన్న తూర్పు గోదావరి జిల్లాలో మొత్తం అక్షరాస్యత 71 శాతం, స్త్రీలలో 67.5 శాతం. రెండుచోట్లా కొబ్బరి అంతే, నీళ్లు అంతే. చదువు దగ్గర మాత్రం వందమంది స్త్రీలలో పాతికమంది తేడా వచ్చింది. తూర్పు గోదావరి అప్పటి జనాభా 51 లక్షలు దాటింది. ఏడేళ్లు పైబడినవారిలో 29 శాతం అంటే 13 లక్షల పైచిలుకు మనుషులు. శాతాల్లో చెప్పినప్పుడు మనసుకు తగలనిది, మనుషుల్లో చెప్పినప్పుడు తగులుతుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం వెంటనే వస్తుంది. రాష్ట్ర సగటు 67 శాతం ఉన్నప్పుడు 71 శాతం ఉన్న జిల్లాను ఎందుకు తప్పుపట్టాలి, విజయనగరం 59 శాతం దగ్గర ఉంది కదా, ముందు అక్కడికెళ్లి మాట్లాడండి అంటారు. విజయనగరం గురించి తప్పకుండా మాట్లాడాలి. కానీ మన రాష్ట్ర సగటు గర్వపడదగ్గ గీత కాదు. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కంటే ఉత్తరప్రదేశ్ అక్షరాస్యత కాస్త ఎక్కువ. 2017-18 జాతీయ నమూనా సర్వేలో ఆంధ్రప్రదేశ్ 66.4 శాతంతో బీహార్ కంటే కూడా కింద, పెద్ద రాష్ట్రాలన్నింటికీ చివర నిలిచింది. 2023-24 కార్మికశక్తి సర్వేలో 72.6 శాతానికి చేరినా స్థానం మాత్రం మారలేదు, చివరే. ఇంజనీరింగ్ కాలేజీలకూ, అమెరికా వెళ్లే పిల్లలకూ పేరుపడ్డ రాష్ట్రం ఈ పట్టికలో ఇలా ఉండడం చూసి చాలామంది ఆ సర్వేనే శంకిస్తారు. నాకైతే అందులో వింతేమీ కనబడదు. పైకి వెళ్లేవాళ్లను ఎంతో పైకి పంపిన సమాజం, కింద ఉన్నవాళ్లను వదిలేస్తే లెక్క ఇలాగే వస్తుంది. ఇంకోమాట. సగటు కంటే కాస్త పైనున్న జిల్లాకు ఒక ప్రత్యేకమైన నష్టం ఉంది. వెనకబడిన జిల్లాల జాబితాలో దాని పేరు ఉండదు, ముందున్న జిల్లాల ఓపికా దానికి ఉండదు. మధ్యలో ఉన్నందుకే ఎవరి కంటా పడదు.

పచ్చని నేలలో చదువురానితనం ఎలా మిగిలింది? కరువు నేలకైతే కరువే జవాబు. ఇక్కడ ఆ జవాబు చెల్లదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గౌతమికీ వశిష్ఠకూ మధ్యనున్న ఈ డెల్టాకు నీళ్లు వచ్చాయి, పి. గన్నవరం దగ్గర వైనతేయను దాటించి అవతలికి కూడా కాలువ పోయింది. నీళ్లతో పంట, పంటతో డబ్బు, డబ్బుతో బడి వచ్చాయి. అయితే పంట పండాలంటే పొలంలో దిగే చేతులు కావాలి. ఆ చేతులు కొన్ని పేటల నుంచే, కొన్ని కులాల నుంచే రావాలన్న కట్టుబాటు నీటి కంటే పాతది. కమతం పెరిగిన కొద్దీ పాలేరు అవసరం పెరిగింది. పాలేరు కొడుకు బడికి పోతే పశువుల వెంట ఎవరు పోతారన్న ప్రశ్న ఈ సీమలో చాలాకాలం మర్యాదగల ప్రశ్నగానే చెలామణీ అయింది. పాలేరు కూతురి గురించి ఆ ప్రశ్న కూడా పుట్టలేదు. ఒకవైపు అగ్రహారాలలో వేదం కంఠస్థం చేసే గొప్ప సంప్రదాయం, మరోవైపు అదే ఊరి చివర అక్షరం చెవిన పడని పేట. ఈ రెండూ ఒకే కాలువ నీళ్లు తాగాయి. కాబట్టి ఇక్కడి నిరక్షరాస్యత కొరత వల్ల వచ్చింది కాదు, పంపకం వల్ల వచ్చింది. ఇవాళ కోనసీమ జిల్లాలోని శాసనసభ స్థానాల్లో అమలాపురం, రాజోలు, పి. గన్నవరం మూడూ షెడ్యూల్డ్ కులాలకు రిజర్వు అయినవి, అమలాపురం లోక్‌సభ స్థానమూ అంతే. యెదుర్లంక నుంచి వెళ్లిన జి.ఎం.సి. బాలయోగి గారు లోక్‌సభ స్పీకరయ్యారు, ఆ పదవిలో కూర్చున్న తొలి దళితుడు ఆయనే. పాలేరు పిల్లవాడి కథ ఇక్కడ నిజంగానే జరిగింది, ఒక్కసారి కాదు, వందలసార్లు. అందుకే తల్లి విషయం మరుగున పడింది.

అక్షరాస్యత అంటే ఏమిటో కూడా ఒకసారి చూడాలి. ఏడేళ్లు నిండినవారు ఏదైనా ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవగలిగి, రాయగలిగితే అక్షరాస్యులని జనగణన నిర్వచనం. నిర్వచనం బాగానే ఉంది. గడప ముందు జరిగేది వేరు. లెక్క రాసుకునే ఉద్యోగి ఎవరి చేతికీ పుస్తకమిచ్చి చదివించడు. ఇంటిపెద్ద చెప్పింది రాసుకుంటాడు. మా ఆవిడకు సంతకం వచ్చు అంటే అక్షరాస్యురాలి కిందే పడే అవకాశం ఎక్కువ. సంతకం అక్షరాస్యత కాదు. అయిదారు అక్షరాలను ఒక బొమ్మలా గుర్తుపెట్టుకుని గీయడం అది. డ్వాక్రా సంఘాలు ఈ ప్రాంతపు ఆడవాళ్లకు చేసిన మేలు తక్కువది కాదు. పొదుపు నేర్పాయి, బ్యాంకు గడప ఎక్కించాయి, వేలిముద్ర నుంచి సంతకానికి తెచ్చాయి. అయితే చాలాచోట్ల అక్కడే ఆగిపోయాయి. సంఘం మినిట్స్ పుస్తకం తెరిచి చూడండి. తీర్మానం అంతా ఒకరి దస్తూరీలో ఉంటుంది. కింద పదిమంది పేర్లు వరసగా ఉంటాయి. ఆ పేర్లలో కొన్ని అక్షరాలు పైగీతకు తగులుతూ, కొన్ని కిందికి జారుతూ, ఒత్తు ఒకచోట గుడింతం ఒకచోట విడివిడిగా పడి ఉంటాయి. పైన ఏం రాశారో ఆ పదిమందిలో ఎంతమంది చదవగలరన్నది ఆ పుస్తకం చెప్పదు. జనగణన కూడా చెప్పదు. కాబట్టి 71 అన్న అంకె నిజానికి ఇంకా తక్కువే అయి ఉండొచ్చు.

పిల్లల బడి సంగతి నేను తేలిక చేయడం లేదు. లంకల్లో బడి కష్టం ఈ జిల్లాకే ప్రత్యేకం. కిలోమీటరు దూరంలో ప్రాథమిక పాఠశాల ఉండాలన్న నియమం నేల మీద గీసిన గీత. లంకలో ఆ కిలోమీటరులో ఒక ఏటిపాయ ఉంటుంది. పి. గన్నవరం మండలంలో బూరుగులంక, ఊడిమూడిలంక, అరిగెలవారిపేట, జి. పెదపూడిలంక ఏటా వరద రాగానే నాటుపడవలకు మళ్లుతాయి. బడులు తెరిచేది జూన్ రెండో వారంలో. గోదావరికి ఎర్రనీరు వచ్చేది జూలై, ఆగస్టుల్లో. అంటే ఒకటో తరగతి పిల్లవాడు అచ్చులు దాటి హల్లుల్లోకి అడుగుపెట్టే వారాల్లోనే పడవ ఆగిపోతుంది, లేదా బడి పునరావాస కేంద్రం అవుతుంది. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరద చూశాం. 1986 ఆగస్టులో 35 లక్షలు వచ్చింది. నామమాత్రపు చదువుకు మన భాషలో వానాకాలం చదువు అని పేరు. లంక పిల్లలకు అది సామెత కాదు, అక్షరాలా వాళ్ల చదువే. అదే 2022లో మూడు, నాలుగు, అయిదు తరగతులను ఊరి బడి నుంచి తీసి దగ్గర్లోని హైస్కూలుకు కలిపే పద్ధతి వచ్చింది. మూడేళ్లకు దాన్ని ఉపసంహరించారు. ఏటిపాయలకు వంతెనలూ కాజ్‌వేలూ కావాలి, ప్రతి లంకలో అయిదో తరగతి దాకా బడి నిలవాలి. దీని మీద నాకు రెండో అభిప్రాయం లేదు.

అయినా బడి ఒక్కటే చాలదని ఎందుకంటున్నాను? ఈ రాష్ట్రంలో బడి ఈడు పిల్లలు దాదాపు అందరూ బడిలో పేరున్నవాళ్లే. గోడలకు రంగులు పడ్డాయి, బల్లలు, మరుగుదొడ్లు వచ్చాయి. మధ్యాహ్న భోజనం ఉంది. ఇంత చేశాక, 'అసర్' సర్వే 2022లో పిల్లల ఇళ్లకు వెళ్లి రెండో తరగతి వాచకం చేతికిస్తే, అయిదో తరగతి పిల్లల్లో దాన్ని చదవగలిగినవాళ్ల శాతం 2018తో పోలిస్తే 15 పాయింట్లకు పైగా పడిపోయిన మూడు రాష్ట్రాలలో మనది ఒకటి. కరోనా కాలమని సర్దిచెప్పుకోవచ్చు. నిజమే. కానీ కరోనా ఒక్క విషయాన్ని స్పష్టంగా చూపించింది. బడి మూతబడ్డ ఆ రోజుల్లో చదువు ఇంటిమీద పడింది. ఏ ఇంట్లో చదివే తల్లి ఉందో ఆ ఇంట్లో పిల్లవాడు నిలబడ్డాడు. ఏ ఇంట్లో లేదో అక్కడ జారిపోయాడు. ప్రతి వరద సెలవూ, ప్రతి ఆదివారమూ చిన్న ఎత్తున ఇదే పరీక్ష. ఒక పాఠ్యపుస్తకాన్ని దగ్గరగా చూడండి. 2020-21 నుంచి మన ప్రభుత్వ బడి పిల్లల పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. ఇంగ్లీషు అందని పిల్లవాడికి తెలుగు పేజీ ఆసరా అవుతుందని ఆలోచన, మంచి ఆలోచనే. రాత్రి ఇంట్లో పిల్లవాడు పుస్తకం తెరిచినప్పుడు తల్లికి ఆ రెండు పేజీలూ ఒకటే. రెండూ నల్లటి గీతలు. పిల్లవాడు చదువుతున్నాడో, బొమ్మలు చూస్తున్నాడో ఆవిడ కనిపెట్టలేదు. కూలిడబ్బుల్లోంచి నెలనెలా ట్యూషన్‌కు కడుతుంది, ఎందుకంటే తానివ్వలేనిదాన్ని కొనడం తప్ప ఆవిడకు దారిలేదు.

ఇప్పుడు అసలు అభ్యంతరానికి వద్దాం. చదువురాని తరానికి వయసు మీద పడుతోంది, చదువుకున్న తరం వస్తోంది, ఇంకో పాతికేళ్లలో సమస్య దానంతటదే తీరిపోతుంది కదా అని అధికారులే కాదు, మంచి మనసున్నవాళ్లూ అంటుంటారు. దీన్ని విడమరిస్తే, వాళ్లు పోయేదాకా ఆగుదాం అని అర్థం. ఇంత కటువైన మాట ఎవరూ అనరు, కానీ ప్రణాళికలన్నీ దాని మీదే నడుస్తున్నాయి. నలభై ఏళ్ల స్త్రీ ఇంకో మూడు దశాబ్దాలు బతుకుతుంది. పిల్లల పెళ్లిళ్లు, మగడి వైద్యం, ఇంటిస్థలం పట్టా, బ్యాంకు అప్పు, వితంతు పింఛను అన్నీ ఆ మూడు దశాబ్దాల్లోనే వస్తాయి. కాగితంతో పని పడేది అప్పుడే. పైగా దానంతటదే తీరుతుందన్న లెక్క కూడా నిలబడదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 1991లో 44 శాతం, 2001లో 60.5, 2011లో 67. మొదటి పదేళ్లలో 16 పాయింట్ల పైన పెరిగింది, రెండో పదేళ్లలో ఆరున్నర. తూర్పు గోదావరి 2001 నుంచి 2011 దాకా 65.5 నుంచి 71కి, అంటే అయిదున్నర పాయింట్లే నడిచింది. పైకి పోయేకొద్దీ వేగం తగ్గడం సహజమే అంటారా? అయితే మన రాష్ట్రం కంటే పైనున్న జాతీయ సగటు అదే పదేళ్లలో 64.8 నుంచి 73కి, అంటే మనకంటే ఎక్కువే ఎందుకు నడిచింది? 1990లలో మన దగ్గర ఊరూరా అక్షర ఉద్యమాలు నడిచాయి, వయోజనుల్ని కూర్చోబెట్టారు. తరువాత ఆ దీపాలు ఒక్కొక్కటే ఆరాయి. పెరుగుదలకు వేరే కారణాలూ ఉండొచ్చు, ఒక్కదాన్నే చూపించి తీర్పు చెప్పను. కానీ పిల్లల బడి ఒక్కటే ఈ పని చేయగలిగితే, బడులు ఎక్కువైన రెండో దశాబ్దంలో వేగం సగానికి పైగా తగ్గకూడదు.

ఫోను వచ్చాక చదువెందుకన్నది కొత్త అభ్యంతరం. మాట్లాడితే సందేశం వెళుతుంది, కొట్టులో డబ్బు పడగానే డబ్బా గట్టిగా చెబుతుంది, బొమ్మ నొక్కితే సినిమా వస్తుంది. వినికిడితో బతికే మనుషులకు ఫోను గొప్ప మేలు చేసిందని నేనూ ఒప్పుకుంటాను. 'పాలేరు' నాటకం చేసిన పని కూడా చెవి ద్వారానే కదా. అయితే ఫోను చెప్పింది వినొచ్చు, ఫోనులో వచ్చిన కాగితాన్ని ఎదిరించలేరు. బ్యాంకు సందేశం అక్షరాల్లో వస్తుంది. ఓటీపీ అంకెల్లో వస్తుంది, అడిగినవాడికి చెప్పేస్తే ఖాతా ఖాళీ అవుతుంది. మాత్రల అట్ట మీద గడువు తేదీ మాట్లాడదు. ఇక వేలిముద్ర సంగతి. ఒకప్పుడు వేలిముద్ర వేయడం చదువురానితనానికి గుర్తు, వేలిముద్రగాడు అనేది తిట్టు. యంత్రాలొచ్చాక అందరి చేతా వేలిముద్ర వేయిస్తున్నారు కాబట్టి ఆ అవమానం పోయిందనుకున్నాం. రేషను దుకాణంలో ఆ చిన్న గాజుపలక ముందు నిలబడ్డ కూలిమనిషి చేతిని చూడండి. నాట్లు నాటి, కొబ్బరి పీచు దువ్వి, అంట్లు తోమి వేళ్ల మీది గీతలు అరిగిపోయి ఉంటాయి. యంత్రం ఒప్పుకోదు. వేలు తుడుచుకుని మళ్లీ పెట్టమంటారు, ఇంకో వేలు పెట్టమంటారు. సంతకం రాదని వేలు అడిగారు, ఇప్పుడు వేలూ చెల్లలేదు. తెర మీద ఏం రాసి వచ్చిందో ఆవిడ చదవలేదు. పక్కవాళ్లు చెప్పిందే ఆవిడకు ప్రభుత్వం మాట.

కోనసీమ తల్లికి కాగితంతో పడే అన్నిటికంటే పెద్ద పని మరొకటుంది. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, అమలాపురం చుట్టుపక్కల ఊళ్ల నుంచి దశాబ్దాలుగా ఆడవాళ్లు ఇంటిపని కోసం కువైట్‌కు, దుబాయికి, మస్కట్‌కు వెళుతున్నారు. ఈ సీమలో కొత్త శ్లాబు ఇళ్లలో ఎన్నో ఆ చేతులు పంపిన డబ్బుతో లేచినవే. 1983 వలసల చట్టం ప్రకారం పదో తరగతి పాసు కానివారి పాస్‌పోర్టు ఈసీఆర్, అంటే వలస తనిఖీ అవసరమైన తరగతిది. గల్ఫ్ దేశాలతో కలిపి 18 దేశాలకు వాళ్లు పనికి వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. ఇంటిపనికి వెళ్లే స్త్రీకి 30 ఏళ్లు నిండాలి. ప్రభుత్వ ఆమోదం ఉన్న సంస్థ ద్వారానే వెళ్లాలి. ఈ నిబంధనల వెనక ఉద్దేశం రక్షణే. చదువులేని మనిషి పరాయి దేశంలో తన్ను తాను కాపాడుకోలేదని రాజ్యమే ఒప్పుకుని, పాస్‌పోర్టులోనే ఆ సంగతి నమోదు చేసింది. ఒప్పుకున్నాక చేయాల్సిన పని ఏమిటి? చదువు చెప్పడం. చేసిందేమిటి? అనుమతి కాగితం ఒకటి చేర్చడం. ఆ కాగితమూ ఆవిడ చదవలేదు. అందుకే విజిట్ వీసా మీద పంపే దళారీకి సందు దొరికింది. జీతమెంత, సెలవుందా, ఎన్నేళ్లు, పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంటుంది అన్న నాలుగు సంగతులు ఒప్పందంలో రాసి ఉంటాయి. అరబీలోనో ఇంగ్లీషులోనో ఉంటే ఏ భాషా చదవలేని మనిషికి తేడా ఏముంది అనొచ్చు. ఉంది. ఒక భాషలో చదవడం వచ్చినవాళ్లు, దీన్ని తెలుగులో రాసివ్వండి అని అడుగుతారు. చదువు లేనివాళ్లకు అలా అడగొచ్చని కూడా తెలియదు. పాతిక ముప్పై ఏళ్లుగా ఈ వలస మీద ఆధారపడిన జిల్లాలో, విమానం ఎక్కబోయే స్త్రీకి మూడు నెలలు చదువు చెప్పి పంపే కేంద్రం ప్రతి మండలంలో ఉండాల్సింది. లేకపోవడం మన తప్పు.

వయోజన విద్య ఎన్నిసార్లు పెట్టలేదు, ఎన్నిసార్లు మూతపడలేదు అని మీలో కొందరు ఉపాధ్యాయులు అనుకుంటూ ఉండొచ్చు. ఆ అలసట న్యాయమైనదే. రిజిస్టర్లలో పేర్లు నింపి, లాంతర్లు పంచి, లక్ష్యం చేరామని రాసిన కాలమూ ఉంది. నాలుగు నెలలు నేర్చుకున్నది చదవడానికేమీ లేక ఆరు నెలల్లో మర్చిపోయినవాళ్లూ ఉన్నారు. కానీ విఫలమైన తీరు చూసి పనే అసాధ్యమనడం తప్పు. నెల్లూరు జిల్లాలో 1990ల మొదట్లో అక్షర ఉద్యమం నడిచింది. వాచకంలో 'సీతమ్మ కథ' అనే పాఠం ఉండేది, సారా తాగే మగడి వల్ల కష్టపడే ఇల్లాలి కథ. అది చదివిన ఆడవాళ్లు అక్షరాలతో పాటు తమ బతుకునూ చదివారు. దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం తెచ్చింది. పెద్దవయసు ఆడవాళ్లకు చదువు మీద ఆసక్తి ఉండదన్నవాళ్లకు ఇంతకంటే జవాబేం కావాలి? ఇక మనం పోల్చుకునే కేరళ. అక్కడ రాజులు చదువు పెట్టారు, మిషనరీలు పెట్టారు, అయ్యంకాళి నాయకత్వంలో దళిత కూలీలు తమ పిల్లల బడి ప్రవేశం కోసం పొలం పని మానేసి సమ్మె చేశారు, మనకు ఆ చరిత్ర లేదు కదా అంటారు. ఒప్పుకుంటాను. అయితే అంత చరిత్ర ఉన్నా ఎర్నాకుళం జిల్లాలో లక్షకు పైగా మనుషులు చదువు లేకుండానే మిగిలారు. చరిత్ర వాళ్లను దాటుకుని పోయింది. 1989లో కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు, జిల్లా యంత్రాంగం కలిసి సుమారు 20 వేల మంది వాలంటీర్లతో ఇల్లిల్లూ తిరిగి, పడవల మీద, చెట్ల కింద, వంటిళ్లలో పాఠం చెప్పించాయి. 1990 ఫిబ్రవరిలో అది దేశంలో తొలి సంపూర్ణ అక్షరాస్య జిల్లా అయింది. ఆ చివరి మెట్టు ఎక్కించింది చరిత్ర కాదు, ఒక ఏడాది కష్టం. ఆ కష్టం మనమూ పడగలం.

డబ్బు ఎంత పెడుతున్నామో చూడండి. పిల్లవాడిని బడికి పంపిన తల్లికి 'తల్లికి వందనం' కింద రాష్ట్రం ఏడాదికి 15 వేల రూపాయలు ప్రకటించింది, బడి నిర్వహణకు రెండు వేలు పోను 13 వేలు ఆవిడ ఖాతాలో పడతాయి. ఆ పథకాన్ని నేను సమర్థిస్తాను. వయోజనుల కోసం 2022 నుంచి 2027 దాకా నడుస్తున్న కేంద్ర పథకం ఉల్లాస్‌కు అయిదేళ్లకు పెట్టుకున్న మొత్తం 1,038 కోట్లు, లక్ష్యం అయిదు కోట్ల మంది. తలకు రెండు వందల పైచిలుకు రూపాయలు, అదీ అయిదేళ్లకు. తల్లిగా ఆవిడకు పదమూడు వేల వందనం, మనిషిగా ఆవిడ చదువుకు రెండు వందలు. ఈ తేడాలోనే మన ఆలోచన అంతా ఉంది. ఆవిడను మనం పిల్లవాడికి దారిగా చూస్తున్నాం. నేను కూడా ఇందాక పిల్లవాడి చదువు కోసం తల్లికి చదువు కావాలన్నాను. అది నిజమే కానీ సగమే. పిల్లలున్నా లేకపోయినా, యాభై ఏళ్లు దాటినా, ఇక ఎవరికీ ఉపయోగపడకపోయినా, బస్సు మీది ఊరిపేరు తానే చదువుకునే హక్కు ఆవిడది.

ఈ పనికి కొత్త శాఖ అక్కర్లేదు. మన రాష్ట్రంలో డిగ్రీ పిల్లలు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు తప్పనిసరిగా చేయాలి. అమలాపురం, రాజోలు, కొత్తపేట కాలేజీల నుంచి ఏటా వేలమంది ఏదో ఒక సర్వే రాసి, స్పైరల్ బైండింగ్ చేయించి ఇస్తున్నారు. అదే గంటలు ఒక్కో విద్యార్థి ముగ్గురు తల్లులకు చదువు చెప్పడానికి వెచ్చిస్తే, వాళ్లు చదివి చూపించిన దానికే మార్కులు వేస్తే చాలు. డ్వాక్రా సమావేశం ఎలాగూ జరుగుతుంది, మినిట్స్ పుస్తకమే వాచకం కావచ్చు. వారానికొకరు తీర్మానం పైకి చదవాలి. బ్యాంకు పాసుపుస్తకం, ఉపాధి హామీ కార్డు, మందుల చీటీ, గల్ఫ్ ఒప్పందం తెలుగు ప్రతి పాఠాలు కావాలి. వేళ ఆవిడ చెప్పాలి, మనం కాదు. వరినాట్ల రోజుల్లో, కోతల్లో ఎవరినీ కూర్చోమనకూడదు. నేర్చుకున్నాక చదవడానికి పేట రామాలయం దగ్గరో చర్చి దగ్గరో పెద్దక్షరాల పుస్తకాలుండాలి. పోయినసారి మనం ఓడింది అక్కడే.

చదువే విముక్తి మార్గమని జీవితమంతా చెప్పిన మనిషి పేరు ఈ జిల్లాకు పెట్టుకున్నాం. 2022లో ఏర్పడిన ఈ డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమను ఇంతవరకూ ఏ జనగణనా జిల్లాగా లెక్కించలేదు. 2021లో జరగాల్సినది వాయిదా పడి, 2027 ఫిబ్రవరిలో మనుషుల లెక్క మొదలవుతుంది. అప్పుడు తొలిసారి ఈ జిల్లాకు తనదంటూ ఒక అక్షరాస్యత అంకె వస్తుంది. ఈ సభలో ఉన్న కొడుకులకు, కూతుళ్లకు, కోడళ్లకు నా విన్నపం ఇదే. ఇవాళ్టి నుంచి అప్పటిదాకా ఉన్న రోజుల్లో మీ ఇంట్లో చదువురాని తల్లికో, అత్తకో, ఇంటిపనికి వచ్చే పిన్నికో రోజుకు అరగంట కేటాయించండి. లెక్క రాసే ఉద్యోగి మీ గడపలోకి వచ్చి, ఆవిడకు చదవడం, రాయడం వచ్చా అని అడిగినప్పుడు ఆవిడ తరఫున మీరు జవాబు చెప్పకండి. కాగితం ఆవిడ చేతికివ్వమనండి.